ఆరు టర్కీల తర్వాత: నా పెల్లెట్ గ్రిల్, దాని ఆగర్

చెక్కపొట్టు గుళికలతో (పెల్లెట్లతో) మండే ఈ గ్రిల్ కొన్న ఏడాదికి, 2020 వేసవిలో, దీని గురించి ఒక సమీక్ష రాశాను. "ఒకసారి వెలిగించి లోపలికి వెళ్లిపోవచ్చు, నిప్పు దగ్గర కాపలా అక్కర్లేదు" అని అందులో ధీమాగా చెప్పాను. ఆ మాట నమ్మి కొనుక్కున్న స్నేహితులు ఇద్దరున్నారు కాబట్టి, అమెరికాలో నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ఆరేళ్లు దీని మీద టర్కీ కోడిని వండిన తర్వాత, ఆ మాటను సరిదిద్దవలసిన బాధ్యత నాకుంది. కొలతలూ ఫోన్ యాప్ సంగతులూ ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాయదలచుకున్నది ఆగర్ గురించి మాత్రమే. హాపర్ అనే పెట్టెలో పోసిన గుళికలను కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోసే ఇనుప స్క్రూ అది. ఈ తరహా గ్రిల్ బాగోగులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయని నాకు అనుభవం మీద తెలిసింది. కంపెనీ పేరు రాయడం లేదు.

మొదట్లో నాకు ఎందుకంత నచ్చిందో చెప్పాలి. మేముండేది సియాటిల్ పక్కన, బాథెల్‌లో. నవంబరు వస్తే ఇక్కడ వాన వదలదు. అంతకుముందు బొగ్గుల గ్రిల్ మీద టర్కీ చేసినప్పుడు, గంటకోసారి బొగ్గులు వేస్తూ, గాలి రంధ్రాలు సర్దుతూ, గొడుగు కింద పూట మొత్తం గడిచిపోయేది. ఇందులో 225 డిగ్రీల ఫారెన్‌హీట్ అని పెడితే చాలు. ఆగర్ కొన్ని సెకన్లు తిరిగి ఆగుతుంది, ఫ్యాను గాలి కొడుతుంది, వేడి పది పదిహేను డిగ్రీల తేడాలోనే నిలబడుతుంది. తెనాలి నుంచి వచ్చిన అమ్మతో పండుగ పూట వంటింట్లో కూర్చుని మాట్లాడే వీలు నాకు ఆ పరికరం వల్లే దొరికింది. ఆ కృతజ్ఞతతోనే మొదటి సమీక్ష రాశాను, అందులో అబద్ధం లేదు.

2021 నవంబరు 25న జరిగినది వేరు. పద్నాలుగు పౌన్ల టర్కీ. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి మంచు విడిపించి, చివరి రెండు రోజులు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, కొద్దిగా వేయించిన ధనియాల పొడి పట్టించి మూత లేకుండా ఆరబెట్టాను. ఉదయం ఆరున్నరకు గ్రిల్ మీద పెట్టాను. ఒంటిగంటకు నాలుగు కుటుంబాలు భోజనానికి రావాలి. ఎనిమిదీ ఇరవైకి కిటికీలోంచి చూస్తే పొగ కనబడలేదు. గ్రిల్ బాగా వేడెక్కాక పొగ పలచబడడం మామూలే కాబట్టి మొదట పట్టించుకోలేదు, కాని ఏదో అనుమానం వచ్చి బయటికి వెళ్లి చూశాను. తెర మీద 225 ఉండవలసిన చోట 128 ఉంది, చూస్తుండగానే 127 అయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నిప్పు గిన్నెలో మాత్రం బూడిద తప్ప ఏమీ లేదు. ఆగర్ మోటారు సన్నగా మూలుగుతోంది కాని స్క్రూ కదలడం లేదు. మాంసంలో థర్మామీటర్ గుచ్చితే 60 డిగ్రీలు చూపింది.

నన్ను భయపెట్టినది ఆ అంకె. 40 నుంచి 140 డిగ్రీల మధ్య మాంసంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, పక్షి మాంసమైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. గ్రిల్‌ను బాగుచేసుకుంటూ కూర్చుంటే ఆ వేడిలో అది ఇంకెంతసేపు ఉండేదో చెప్పలేను. కాబట్టి మరమ్మతు ఆలోచన మానుకుని, టర్కీని వెంటనే ట్రేలోకి మార్చి, 325 డిగ్రీలకు వేడి చేసిన ఓవెన్‌లో పెట్టాను. అమ్మ నా ముఖం చూసి, "కుంపటి అయితే రెండుసార్లు ఊదితే రాజుకునేది కదరా" అంది. ఆమె ఓదార్పుగానే అన్నా, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కుంపటి ఎందుకు ఆరిందో కంటికి కనబడుతుంది. ఇక్కడ ఆరిపోయిందన్న సంగతే ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు దక్కిన మేలు ఒకటుంది. చివరి పావుగంట ఓవెన్ వేడిని 425కు పెంచాను. రొమ్ము కండ 165 దాటి, తొడ దగ్గర 175 చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. నలభై నిమిషాలు పక్కన ఉంచి కోస్తే, చర్మం అప్పడంలా విరిగింది. అంతకుముందు రెండేళ్లూ చర్మం రబ్బరులా సాగి, పిల్లలు ఒలిచి పక్కన పెట్టేవారు. పొగ వాసన ఏమాత్రం తగ్గలేదు. చల్లగా, తడిగా ఉన్న మాంసమే పొగను బాగా పట్టుకుంటుంది కాబట్టి, నిప్పు ఆరిపోయే లోపు పట్టిన పొగే సరిపోయింది. మాంసం అంచున గులాబీ రంగు చూసి పక్కింటివాళ్లు పచ్చిగా ఉందేమోనని సందేహించారు. పొగలోని వాయువులు మాంసపు వర్ణకంతో కలిసి అలాంటి రంగునిస్తాయి, ఉడికిందో లేదో చెప్పవలసినది థర్మామీటరే అని చెప్పి, మళ్లీ గుచ్చి చూపించాక అందరూ ఇష్టంగా తిన్నారు.

మర్నాడు హాపర్ ఖాళీ చేసి, మోటారు విప్పి, స్క్రూను వెనక్కి తిప్పి లాగడానికి మూడు గంటలు పట్టింది. గొట్టం నిండా గుళికలు తేమకు ఉబ్బి, తిరిగి రంపపు పొట్టుగా మారి, సిమెంటులా బిగుసుకున్నాయి. పండుగకు రెండు వారాల ముందు వాడి, మిగిలిన గుళికలను హాపర్‌లోనే వదిలేశాను. పైన కవరు కప్పాను, అయినా హాపర్ మూతకు రబ్బరు పట్టీ లేదు. తడి గాలి లోపలికి పోవడానికి ఆ సందు చాలు. వారంటీ గడువు ఇంకా ఉన్నా, తేమ వల్ల జరిగిన నష్టం తమ పూచీ కాదని కంపెనీ వారు మర్యాదగానే చెప్పారు. మోటారు నా డబ్బుతో కొన్నాను. ఇంత ఖరీదైన వస్తువుకు, బయట ఉంచి వాడమని వాళ్లే చెప్పే వస్తువుకు, ఒక రబ్బరు పట్టీ ఎందుకు పెట్టలేదన్న కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు.

అప్పటినుంచి ఆగర్ మళ్లీ బిగుసుకోలేదు. కాని అందుకు నేను చేస్తున్న చాకిరీ కూడా చెప్పాలి. వండిన ప్రతిసారీ హాపర్ పూర్తిగా ఖాళీ చేస్తాను, గొట్టంలో మిగిలినవి కాలిపోయేదాకా ఆగర్‌ను తిప్పుతాను, చల్లారాక బూడిద తీసేస్తాను. గుళికలు మూత బిగించిన బకెట్లలో, ఇంటి లోపల ఉంటాయి. వాడేముందు ఒకటి విరిచి చూస్తాను. టక్కున విరిగితే మంచిది, మెత్తగా నలిగితే ఆ బకెట్ మొత్తం పక్కన పెడతాను. నిప్పు మధ్యలో ఆరితే, గిన్నెలో పేరుకున్న గుళికలను తీసేయకుండా మళ్లీ వెలిగించకూడదు, మంట ఒక్కసారిగా లేస్తుంది. టర్కీ ఉన్నంతసేపూ అరగంటకోసారి బయటికి వెళ్లి చూస్తాను. కాపలా అక్కర్లేదన్న నా పాత మాట చెల్లదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

వండే పద్ధతి కూడా మారింది. ఇప్పుడు వెన్నెముక కత్తిరించి టర్కీని పరిచినట్టు చేసి, ఆపిల్ చెక్క గుళికలతో 225 దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు పొగ పట్టిస్తాను. తర్వాత 425 డిగ్రీల ఓవెన్‌లోకి మారుస్తాను, మా ఓవెన్‌లో ముప్పావుగంట సరిపోతోంది. రుచికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. మిగిలిన మాంసాన్ని గోంగూరతో వండితే పొగ, పులుపు చక్కగా కలుస్తాయి. బిర్యానీలో మాత్రం పొగ ముందు కుంకుమపువ్వు నిలబడలేదు. అయితే ఓవెన్ అక్కర్లేదని 2020లో రాసిన నేనే, ఇప్పుడు ఈ పరికరాన్ని రెండు గంటల పొగ కోసం మాత్రమే వాడుతున్నాను. పైగా ఆ పొగ బొగ్గుల మీద కట్టెముక్కలు వేస్తే వచ్చే పొగంత గాఢంగా ఉండదు. మా పిల్లలకు ఆ తేలిక వాసనే ఇష్టం. మీ ఇంట్లో కట్టెల పొయ్యి రుచి కోరుకునేవారుంటే ఇది చప్పగా అనిపించవచ్చు.

అరిజోనా వంటి పొడి ప్రాంతంలో ఉండి, గ్రిల్‌ను గ్యారేజీలో పెట్టుకునే చోటు ఉన్నవారికి నా కష్టాల్లో సగం ఎదురుకాకపోవచ్చు. ఫీనిక్స్‌లోని మా తమ్ముడి గ్రిల్ నాలుగేళ్లుగా ఒక్కరోజు కూడా ఆగలేదు. మాలాగా వానలో, పందిరి లేని పెరట్లో ఉన్నవారు ముందు ఒక నీడ కట్టించుకుని ఆ తర్వాతే కొనమని నా సలహా. నేను మళ్లీ ఇదే కొంటానా అంటే, అమ్మ ప్రతి నవంబరులోనూ ఇక్కడికి వచ్చినంతకాలం బహుశా కొంటాను. ఈ ఏడాది పందిరికి కొలతలు తీసుకున్నాను, హాపర్ మూతకు అతికించడానికి వేడికి తట్టుకునే రబ్బరు పట్టీ కూడా తెప్పించాను. అది ఎంతవరకు పనిచేస్తుందో ఈ నవంబరు వానల తర్వాత రాస్తాను.