అడ్మిన్ పోతే గ్రూపు గతేమిటి? ఫ్రాటర్నిటీ పాత సభ్యులకు ఫేస్‌బుక్, గూగుల్, వాట్సాప్ ఎంతవరకు పనికొస్తాయి

అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఫ్రాటర్నిటీల్లో (విద్యార్థుల సోదర సంఘాల్లో) చనిపోయిన సభ్యుడి పేరు జాబితాలోనే ఉంటుంది, చాప్టర్ (శాఖ) మాత్రం మారుతుంది. చనిపోయినవారి ఆ చాప్టర్‌ను సిగ్మా కై వాళ్లు ‘చాప్టర్ ఎటర్నల్’ అంటారు, ఆల్ఫా ఫై ఆల్ఫా వాళ్లు ‘ఒమేగా చాప్టర్’ అంటారు, ఫై డెల్టా థీటా వాళ్లు ‘చాప్టర్ గ్రాండ్’ అంటారు. పేరు బాగానే ఉంది. కానీ ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉండి, ఇప్పుడు తలో రాష్ట్రంలో స్థిరపడ్డ నలభై మందికి కబురు చేరాలన్నా, పాత ఫొటోలు నిలవాలన్నా ఆధారం వాళ్లు రోజూ వాడే ఉచిత సర్వీసులే. అందుకే ఇక్కడ వాటిని చూసింది ఒక్క కోణంలో: సభ్యుడు పోయినప్పుడు ఏం జరుగుతుంది, ఆ పోయినవాడే గ్రూపు నడిపేవాడైతే ఏం జరుగుతుంది.

ముందు ఫేస్‌బుక్. స్మరణ విషయంలో మూడింటిలో ఎక్కువ ఆలోచించింది ఇదే. చనిపోయినవారి అకౌంట్‌ను ‘మెమోరియలైజ్’ చేస్తే పేరు దగ్గర ‘రిమెంబరింగ్’ అన్న మాట వస్తుంది. పాత పోస్టులూ ఫొటోలూ అలాగే ఉంటాయి. ‘ఇవాళ ఫలానావారి పుట్టినరోజు’ అన్న గుర్తుచేతలు ఆగిపోతాయి. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ, సంగతి తెలియని బ్రదర్ (తోటి సభ్యుడు) ఒకడు చనిపోయినవాడి గోడ మీద కేక్ బొమ్మ పెట్టకుండా ఆపేది ఇదే. 2015 నుంచి ‘లెగసీ కాంటాక్ట్’ ఏర్పాటు కూడా ఉంది. బతికుండగానే ఒక స్నేహితుణ్ణి ఎంచుకుంటే, తర్వాత అతను పైన ఒక పోస్టు పిన్ చేయగలడు, ప్రొఫైల్ ఫొటో, కవర్ ఫొటో మార్చగలడు, వచ్చిన ఫ్రెండ్ రిక్వెస్టులకు జవాబివ్వగలడు. మెసేజ్‌లు చదవలేడు, ఆ అకౌంట్‌లోకి లాగిన్ కాలేడు.

చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. మెమోరియలైజ్ అయ్యాక పాస్‌వర్డ్ తెలిసినా ఎవరూ లోపలికి వెళ్లలేరు. మెమోరియలైజ్ చేయమని అర్జీ పెట్టడానికి కుటుంబ సభ్యులే కానక్కర్లేదు, మరణానికి రుజువు జతచేసి స్నేహితులు కూడా పెట్టవచ్చు. వార్త తెలిసిన సాయంత్రమే ఉత్సాహవంతుడైన బ్రదర్ ఒకడు పేపర్లో వచ్చిన మరణ ప్రకటన లింకు జతచేసి అర్జీ పంపేస్తాడు. అప్పటిదాకా భర్త అకౌంట్ తెరిచి బంధువులకు కబురు చెబుతున్న భార్యకు తలుపు మూసుకుపోతుంది. కాబట్టి అర్జీ కుటుంబమే పెట్టాలి, లేదా వాళ్లు సరేనన్నాక పెట్టాలి.

ఇంకో ప్రమాదం పేజీలకు. పేజీకి ఒక్కరే అడ్మిన్ అయి, ఆ ఒక్కరి అకౌంట్ మెమోరియలైజ్ అయితే పేజీనే తీసేస్తామని ఫేస్‌బుక్ నిబంధన చెబుతోంది. ఇరవై ఏళ్ల రీయూనియన్ ఫొటోలు అందులోనే ఉంటే అవీ పోయినట్టే. గ్రూపుకు ఒక్కడే అడ్మిన్ అయితే కొత్తవాళ్లను చేర్చుకునేవాడు ఉండడు. కనీసం ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, ముగ్గురూ ఒకే ప్లెడ్జ్ క్లాస్ (ఒకేసారి చేరిన బ్యాచ్) వాళ్లు కాకూడదు. అందరూ డెబ్భై దాటినవాళ్లయితే ముగ్గురున్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పేర్ల జాబితాకు గూగుల్ షీట్ చాలు, ఖర్చుపెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. అయితే ఆ షీట్ ఎవరి సొంత అకౌంట్‌లో ఉందన్నది అసలు ప్రశ్న. రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ తొలగించవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆ పని మొదలైంది. అకౌంట్ పోతే అందులో పుట్టిన షీట్ కూడా, షేర్ చేసుకున్న అందరి దగ్గరా మాయమవుతుంది. కార్యదర్శి చనిపోయి రెండేళ్లు దాటాక ‘మన లిస్టు ఏదీ’ అని వెతుక్కోవడం ఇలాగే మొదలవుతుంది. షీట్ ఓనర్‌షిప్‌ను ఇప్పుడే ఇంకొకరికి బదిలీ చేయండి. బదిలీ పంపితే సరిపోదు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. దానికన్నా మంచిది చాప్టర్ పాత సభ్యుల కోసమే విడిగా ఒక అకౌంట్ తెరవడం. అప్పుడు కూడా లాగిన్‌లో పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో దశ కోడ్ ఒక్కరి ఫోన్‌కే వెళ్తుంటే పాత కథే. గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారికే పనిచేస్తుంది. వాటిని అచ్చు తీసి ఇద్దరి ఇళ్లలో ఉంచాలి.

గూగుల్‌లోనే ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అని ఉంది. 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు ఎంచుకుంటే, అంతకాలం అలికిడి లేకపోయినప్పుడు మీరు చెప్పినవాళ్లకు (పది మంది దాకా) కబురు వెళ్తుంది, మీరు అనుమతించిన సమాచారమూ అందుతుంది. ఫొటోలు చేతులు మారడానికి ఇది భేషుగ్గా ఉంటుంది. చావు కబురుకు పనికిరాదు, కనీస గడువే మూడు నెలలు కదా.

షీట్‌లో పేరు, ఫోను ఉంటే చాలనుకుంటారు. ముద్దుపేరు రాయండి, చాలామంది అసలు పేరుతో గుర్తుపట్టరు. చేరిన సంవత్సరం, ఇంటి చిరునామా, కాలేజీది కాని ఈమెయిల్ (కాలేజీ ఈమెయిల్ చదువు అయ్యాక ఉంటుందన్న భరోసా లేదు), ఇంట్లో ఇంకొకరి నంబరు ఉండాలి. చనిపోయినవారికి మరణ తేదీ, కబురు ఎవరిచ్చారు, ఎవరు నిర్ధారించారు, అందరికీ చెప్పడానికి కుటుంబం ఒప్పుకుందా అన్న నాలుగు గడులు అదనం. నిర్ధారణ గడి ఖాళీగా ఉంటే ఎక్కడా ప్రకటించకూడదు. తండ్రీ కొడుకులకు ఒకే పేరు పెట్టుకునే దేశంలో సీనియర్ పోతే జూనియర్‌కు నివాళులు రాసేస్తారు.

మరణ ప్రకటన లింకు ఒక్కటే దాచుకుంటే కొన్నేళ్లకు అది తెరుచుకోకపోవచ్చు, పీడీఎఫ్ తీసుకోండి. అమెరికా ప్రభుత్వ పింఛను సంస్థ సోషల్ సెక్యూరిటీ మరణాల జాబితాలో చూసుకుంటామనుకునేవాళ్లకు ఒక మాట. 2013 చివర్లో చేసిన చట్టం వల్ల, మరణించిన తేదీ నుంచి మూడు క్యాలెండర్ సంవత్సరాల దాకా ఆ వివరాలు సాధారణ జనానికి అందవు. పాత పేర్లు సరిచూసుకోవడానికే అది.

వాట్సాప్ కబురుకు గట్టి సాధనం, జ్ఞాపకానికి బలహీనమైనది. గ్రూపులో 1024 మంది దాకా పడతారు కాబట్టి చోటుకు లోటు లేదు. తంటా ఫోన్ నంబర్లతో. అమెరికాలో వదిలేసిన నంబరును 45 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. వాట్సాప్ సాధారణంగా వాడని అకౌంట్‌ను తీసేసేది 120 రోజులకు. ఈ రెండింటి మధ్య సందులో, చనిపోయిన బ్రదర్ నంబరు తీసుకున్న అపరిచితుడు మీ గ్రూపులో తేలే అవకాశం ఉంది. అలాగని వెంటనే తీసేయకండి. ఆ ఫోన్‌లో పిల్లలు మీ నివాళులు చదువుతూ ఉండొచ్చు. పైగా అడ్మిన్ తీసేస్తే ఆ సంగతి చాట్‌లో అందరికీ కనిపిస్తుంది, సంతాపాల కిందే ‘తొలగించారు’ అని పడటం ఏం బాగుంటుంది? నంబరు ఎప్పుడు ఆపేస్తున్నారో కుటుంబాన్ని అడిగి, దానికి ముందు రోజు తీసేయండి.

డబ్బు సంగతి ఈ మూడు సర్వీసులూ పట్టించుకోవు, గ్రూపులో మాత్రం అదే రోజు చర్చకు వస్తుంది. స్మారక విరాళం ఎవరి పేరున రాయాలో సరిగ్గా చూసుకోవాలి. ఫ్రాటర్నిటీలు సాధారణంగా అమెరికా పన్ను చట్టంలో క్లబ్బులకు వర్తించే 501(సి)(7) కింద ఉంటాయి, వాటికి నేరుగా ఇచ్చిన డబ్బుకు దాతకు పన్ను మినహాయింపు రాదు. ధార్మిక సంస్థలకు వర్తించే 501(సి)(3) కింద నమోదైన ఫౌండేషన్‌కు ఇస్తే వస్తుంది. సంతాప పోస్టులో ఫౌండేషన్ పూర్తి పేరు, చెక్కు మీద మెమో గడిలో రాయాల్సిన సభ్యుడి పేరు రెండూ ఇవ్వండి. మెమో ఖాళీగా వచ్చిన చెక్కు సాధారణ నిధిలో కలిసిపోతుంది, ఎవరి జ్ఞాపకార్థం పంపారో ఆ కుటుంబానికి తెలిసే దారి ఉండదు.