హైస్‌మన్ కోసం వెళ్తే మూడో అంతస్తే ముఖ్యం

అట్లాంటాలోని కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ దిగ్గజాల మ్యూజియం) 2014లో తెరుచుకుంది. అంతకుముందు ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఉండేది. లోపలికి వెళ్లగానే మీ బ్యాడ్జ్‌లో ఒక కాలేజీని నమోదు చేస్తారు. 700కు పైగా హెల్మెట్లున్న గోడ మీద ఆ కాలేజీది వెలుగుతుంది. ఇక్కడ జార్జియా టెక్ ఎంచుకోండి, పాతతరం కోచ్ హైస్‌మన్ పనిచేసిన కాలేజీ అదే.

పిల్లలు కింద బంతి తన్నే మైదానం వదలరు. ఆట చరిత్ర కావాలంటే మాత్రం నేరుగా మూడో అంతస్తుకి వెళ్లాలి. గాజు పలకల మీద పేర్లే ఉంటాయి, వివరాలన్నీ టచ్ స్క్రీన్లలోనే. పేరు తెలియకుండా వెళ్తే వేళ్లు నొప్పి పుట్టడమే మిగులుతుంది.

జాన్ హైస్‌మన్ పేరు కొట్టండి. బ్రౌన్, పెన్సిల్వేనియా కాలేజీల్లో ఆడి, 1892లో ఓబర్లిన్‌లో కోచ్ అయ్యాడు. ఆబర్న్, క్లెమ్సన్ దాటి 1904 నుంచి 1919 వరకు జార్జియా టెక్‌లో ఉన్నాడు. 1916లో కంబర్‌లాండ్ మీద 222-0, సగం ఆటకే 126! అవతలి కాలేజీ అప్పటికే జట్టును రద్దు చేసుకుంది, ఏదో కుర్రాళ్లను పోగేసి పంపింది. వాళ్ల చేతుల్లోంచి బంతి జారి టెక్‌కి టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు సాధించడం) దొరికాయి. విచిత్రంగా ఇద్దరిలో ఎవరికీ ఒక్క ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకెళ్లి మళ్లీ నాలుగు ప్రయత్నాలు పొందడం) రాలేదు. కానీ అతని అసలు ఘనత అది కాదు: ఫార్వర్డ్ పాస్ (బంతిని చేత్తో ముందుకు విసరడం) కోసం ఏళ్లపాటు వాదించాడు, 1906లో అది నియమమైంది.

తర్వాత మరో పాతతరం కోచ్ అమోస్ అలోంజో స్టాగ్ పేరు చూడండి. హాల్ ఆఫ్ ఫేమ్ 1951 తొలి జాబితాలోనే ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా చేరాడు. వారాంతం రద్దీలో స్క్రీన్ దొరకదు, పొద్దున్నే వెళ్లండి.