టానింగ్ బెడ్డా, ఎండా, స్ప్రే టానా: ఏది మేలు?

బీచ్‌కి వెళ్లేముందు నాలుగైదుసార్లు టానింగ్ సెలూన్‌కి వెళ్లి, అతినీలలోహిత దీపాలున్న టానింగ్ బెడ్‌లో పడుకుని ఒంటికి కాస్త ముదురు రంగు తెచ్చుకుంటే, అక్కడ ఎండకు చర్మం కమలకుండా ఉంటుంది కదా? ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఎండలో అయితే ఎంతసేపు ఉన్నామో తెలీదు, బెడ్‌లో నిమిషాలు లెక్కపెట్టి ఆపేస్తారు కాబట్టి అదే సేఫ్ కదా అని ఇంకొందరు అంటారు. స్ప్రే టాన్, అంటే ఒంటిమీద చల్లించుకునే రంగు గురించి అడిగేవాళ్లు తక్కువ. నా మొగ్గు మాత్రం అటే.

ఖర్చు, టైమ్, రంగు ఎన్నాళ్లుంటుంది అన్నవన్నీ నాకు తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది, ఆ రంగు ఎలా పుడుతోంది అన్నది. అతినీలలోహిత కిరణాలు చర్మంలోని బతికున్న కణాల్లోకి దిగి డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి. దెబ్బ తగిలిందని తెలిశాకే ఆ కణాలు రంగు కణాలకు కబురు పంపుతాయి. అప్పుడు మెలనిన్ అనే రంగు పదార్థం తయారై, మిగిలిన డీఎన్‌ఏకి గొడుగులా అడ్డు నిలుస్తుంది. అంటే మనం అందం అనుకునే ఆ రంగు, దెబ్బ తగిలిన తర్వాత శరీరం చేసుకునే ఏర్పాటు. చాలావరకు ఆ దెబ్బను శరీరమే బాగుచేసుకుంటుంది. కానీ బాగుకానివి కొన్ని మిగిలిపోతాయి, ఏళ్ల తరబడి పోగవుతాయి. రంగు కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, అవి పోవు.

ఈ పని ఎండా చేస్తుంది, బెడ్డూ చేస్తుంది. మరి తేడా ఏమిటి? బెడ్లలో వచ్చేది ఎక్కువగా యూవీఏ అనే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. దాని తీవ్రత మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. యూవీఏ ముఖ్యంగా ఉన్న మెలనిన్‌నే ముదురు చేస్తుంది, కొత్త రక్షణ పెద్దగా ఇవ్వదు. అలా వచ్చిన రంగు ఇచ్చే రక్షణ మొత్తం కలిపినా, సన్‌స్క్రీన్ క్రీముల మీద వేసే ఎస్‌పీఎఫ్ అనే కొలతలో 3 లేదా 4కి మించదు. ఎస్‌పీఎఫ్ 3 అంటే చర్మాన్ని కమిలించే కిరణాల్లో మూడో వంతు లోపలికి వచ్చేస్తాయి. సరిగ్గా రాసుకున్న ఎస్‌పీఎఫ్ 30 క్రీమ్‌తో వచ్చేది ముప్పయ్యో వంతే. ఆ చిన్న గొడుగు కోసం ముందే ఇంత దెబ్బ తినడం దేనికి?

నిమిషాల లెక్క మాటకొస్తే, గడియారం కొలిచేది సమయాన్ని మాత్రమే. కొత్త ల్యాంపుకీ పాత ల్యాంపుకీ తేడా ఉంటుంది, ఒకరి చర్మానికీ ఇంకొకరి చర్మానికీ ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. ఎండలో అయితే నీడకు జరగొచ్చు, టోపీ పెట్టుకోవచ్చు, పొద్దున్నే వెళ్లి రావొచ్చు. అందుకే ఈ రెండిట్లో ఒకటి చెప్పమంటే బెడ్ కన్నా ఎండే నయం అంటాను. అలాగని రంగు కోసం పనిగట్టుకుని ఎండలో పడుకోమని కాదు.

క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2009లో టానింగ్ బెడ్లను గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. 35 ఏళ్లలోపే బెడ్ మొదలుపెట్టినవాళ్లకు మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ముప్పు 75 శాతం ఎక్కువని అదే సంస్థ 2006 సమీక్షలో తేలింది. తర్వాత వేరే పరిశోధకులు వేసిన లెక్కలో అది 59 శాతం. నూటికి 59 మందికి వస్తుందని దీని అర్థం కాదు, మామూలుగా ఉండే ముప్పు అంత పెరుగుతుందని. బ్రెజిల్ 2009లో అందం కోసం వాడే బెడ్లను నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2016 నాటికి రాష్ట్రాలన్నీ డబ్బు తీసుకుని నడిపే బెడ్లను ఆపేశాయి. చామనఛాయ ఒళ్లున్నవాళ్లకు ఈ ముప్పు తక్కువే, కానీ ముడతలు, కంటి దెబ్బలు వాళ్లకూ తప్పవు.

విటమిన్ డి కోసం వెళ్తున్నామనేవాళ్లకు ఒక మాట. చర్మంలో దాన్ని తయారుచేసేది యూవీబీ అనే ఇంకో రకం కిరణాలు, బెడ్లలో ఎక్కువ ఉండేది యూవీఏ. లోపం ఉంటే మాత్రలున్నాయి. సోరియాసిస్, బొల్లి లాంటి వాటికి డాక్టర్లు ఇచ్చే లైట్ చికిత్స వేరు, దాన్ని ఇందులో కలపకండి.

ఇక స్ప్రే టాన్, లోషన్. వీటిలో ఉండే డీహెచ్‌ఏ అనే పదార్థం చర్మం పైపొరలోని చచ్చిన కణాలతో కలిసి గోధుమ రంగు తెస్తుంది. రొట్టె కాలేటప్పుడు రంగు తిరగడం కూడా ఇలాంటి రసాయన చర్యే. రంగు రావడానికి బతికున్న కణాలకు దెబ్బ తగలాల్సిన పని లేదు, నాకు కావాల్సింది అదే. లోపాలు లేవని కాదు. వాసన వస్తుంది, మోచేతులు, మోకాళ్ల దగ్గర ముదురుగా పడుతుంది, ఐదు నుంచి ఏడు రోజుల్లో పోతుంది. రాసుకునేముందు ఒళ్లు రుద్దుకుని, మోచేతులకు, మోకాళ్లకు మాయిశ్చరైజర్ పట్టిస్తే మరకలు చాలా తగ్గుతాయి. స్ప్రే చేయించుకునేటప్పుడు కళ్లు, పెదవులు, ముక్కు కప్పుకోండి, ఆ తుంపర లోపలికి పీల్చకూడదు. నేనైతే లోషనే ఎంచుకుంటాను. రంగు వచ్చింది కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు, ఆ రంగు ఎండను ఆపదు.

టానింగ్ మాత్రలు, ఇంజెక్షన్లు వద్దు. మాత్రల్లో వాడే క్యాంథాజాంథిన్ అనే రంగు పదార్థం కంటి రెటీనాలో స్ఫటికాలుగా పేరుకుంటుంది.

ప్యాకేజీ కొనేశాం, ఇంకా సెషన్లు మిగిలాయి, డబ్బు పోతుంది కదా అని అడిగినవాళ్లున్నారు. పోనివ్వండి. ఇప్పటిదాకా వెళ్లినవాళ్లు మాత్రం ఒకసారి ఒంటిమీది పుట్టుమచ్చలన్నీ చూసుకోండి, వీపు మీదవి ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఏదైనా ఆకారమో రంగో మారుతున్నా, పెరుగుతున్నా, రక్తం వస్తున్నా ఆలస్యం చేయకుండా చర్మ వైద్యులకు చూపించండి.