రెండేళ్లు ట్యాబ్‌తో ఆల్జీబ్రా చెప్పాక

ఆదోని పక్క పల్లెలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. 8, 9 తరగతులకు ఆల్జీబ్రా నేర్పే ఒక సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. మొదటి ఏడాది ఎవరైనా అడిగుంటే వద్దనే చెప్పేదాన్ని. పిల్లలు లెక్క చదవకుండానే హింట్ బటన్ నొక్కేవాళ్లు. నాలుగుసార్లు నొక్కితే జవాబే వచ్చేస్తుంది! స్క్రీన్ మీద మార్కులు పెరిగాయి, నోటు పుస్తకంలో పెరగలేదు.

రెండో ఏడాది పద్ధతి మార్చాను. వారంలో మూడు రోజులు బోర్డు, రెండు రోజులు ట్యాబ్. హింట్ చూసిన ప్రతి లెక్కనూ పుస్తకంలో మళ్లీ చేసి చూపించాలి. అప్పటినుంచి తేడా కనబడింది.

ఒక అమ్మాయి 3(x − 4) = 2x + 5 చేస్తూ ఎడమవైపు 3x − 4 అని రాసింది. పేపర్ మీదైతే x = 9 దాకా వెళ్లిపోయేది, నేను దిద్దేసరికి వారం గడిచేది. ట్యాబ్ ఆ మెట్టు దగ్గరే ఆపి, 4ను కూడా 3తో గుణించావా అని అడిగింది. కాసేపు అలాగే చూసి 12 వేసింది. x = 17 వచ్చాక నా వైపు తిరిగి నవ్వింది. నలభైమంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరి పక్కన అలా నిలబడటం నావల్ల కాదు.

మా దగ్గర సుగ్గికి, అంటే పంట కోతల కూలి పనులకు, తల్లిదండ్రులతో పాటు గుంటూరు వైపు వెళ్లిపోయే పిల్లలుంటారు. తిరిగొచ్చేసరికి మేం రెండు పాఠాలు దాటేసుంటాం. ట్యాబ్ మాత్రం వాళ్లు ఆపిన చోటే మొదలుపెడుతుంది. నాకు అన్నిటికన్నా విలువైంది ఇదే.

అమెరికాలో కాగ్నిటివ్ ట్యూటర్ అనే, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆల్జీబ్రా కోర్సును 7 రాష్ట్రాల్లో 147 స్కూళ్లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరీక్షించింది. 2014లో ప్రచురించిన ఆ ఫలితాల్లో హైస్కూళ్లకు మొదటి ఏడాది చెప్పుకోదగ్గ లాభం లేదు. రెండో ఏడాది, నూటికి 50 మందిని దాటే విద్యార్థి 58 మందిని దాటే స్థాయికి చేరాడు. అది చదివినప్పుడు మా స్కూలే గుర్తొచ్చింది. తొందరపడి మొదటి ఏడాదే ట్యాబ్‌లు బీరువాలో పెట్టేయకండి.

పదసమస్యల తెలుగు మాత్రం బాధ పెడుతుంది. ఒక్కో వాక్యం మూడు లైన్లు. లెక్క వచ్చిన పిల్లలు కూడా భాష దగ్గరే ఆగిపోతున్నారు. కంపెనీకి రెండుసార్లు రాశాను, మారలేదు. అందుకే పదసమస్యలు నేనే బోర్డు మీద రాస్తున్నాను, పత్తి క్వింటాళ్లతో, కూలి డబ్బులతో.