అద్దె ఒప్పందానికి జతచేసిన మరమ్మతుల జాబితా: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

హైదరాబాదులో ఇల్లు అద్దెకు తీసుకుంటే చేతికి వచ్చేది పదకొండు నెలల ఒప్పందం. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏటా ఎంత పెంచాలి అన్నవన్నీ అందులో వివరంగా ఉంటాయి. గోడలో గొట్టం పగిలితే ఎవరు బాగుచేయించాలో మాత్రం ఉండదు. ఉన్నా ‘చిన్న చిన్న మరమ్మతులు అద్దెదారే చూసుకోవాలి’ అన్న ఒక్క వాక్యమే. ఏది చిన్నదో తేల్చడం దగ్గరే తగాదా అంతా.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోని రెండో షెడ్యూలు ఈ పనులను పంచి చూపిస్తుంది. ఇంటి నిర్మాణానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకు రంగు, గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు యజమాని వంతు. కుళాయిలు, స్విచ్చులు, గీజరు, తాళాలు, కిటికీ అద్దాలు, మురుగు కాలువ శుభ్రం అద్దెదారు వంతు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప నమూనా చట్టం అమల్లోకి రాదు. కానీ ఆ జాబితాను ఒప్పందంలో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. దాన్ని తెలుగులో ఒక పేజీకి కుదించి, ఓనరూ నేనూ సంతకాలు చేసి ఒప్పందానికి జతచేశాం. ఇప్పటికి రెండు ఇళ్లలో వాడాను.

అసలు బలం ఎక్కడుందో చెప్పాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారుకు ఒక హక్కు ఉంది. యజమాని చేయించాల్సిన మరమ్మతును, తెలియజేసిన తర్వాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ‘యజమాని చేయించాల్సిన’ అన్న మాటే కీలకం. ఏది అతని బాధ్యతో ఒప్పందంలో లేకపోతే ఆ హక్కుకు పట్టు దొరకదు. ఈ పేజీ ఆ పట్టును ఇస్తుంది.

మొదటి ఇంట్లో వంటింటి గోడ చెమ్మెక్కి పెచ్చులు రాలడం మొదలైంది. లోపలి గొట్టం కారుతోందని ప్లంబరు తేల్చాడు. ఓనరు గారు ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ వాయిదా వేశారు. ఫొటోలు, జాబితాలోని ఆ పంక్తి కలిపి వాట్సాప్‌లో పంపి పదిహేను రోజుల గడువు పెట్టాను. గడువు దాటాక పని చేయించి, బిల్లు పంపి, అద్దెలో మినహాయించాను. ఏ నెలలోనూ సగం అద్దెకు మించి కోయకూడదని నమూనా చట్టంలో ఉన్న పరిమితిని మేమూ రాసుకున్నాం కాబట్టి ఆయనా అభ్యంతరం చెప్పలేదు.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది రంగుల పంక్తి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకోవడం ఈ ఊరి అలవాటు. ఏళ్ల తరబడి నివసిస్తే గోడలు మాయడం సహజం, దానికి జరిమానా కట్టించడం అన్యాయం. ఆయన అడిగారు, నేను ఆయన సంతకం చూపించాను, అడ్వాన్సు పూర్తిగా తిరిగి వచ్చింది. ఇందుకోసమైనా ప్రతి అద్దెదారూ ఈ పేజీ పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

లోపాలూ ఉన్నాయి. ఇప్పుడున్న ఫ్లాటులో పైఅంతస్తు బాత్రూమ్ నుంచి మా పైకప్పులోకి నీళ్లు దిగుతున్నాయి. మా ఓనరు పై ఫ్లాటు వారిదే బాధ్యత అంటారు, వాళ్లు అపార్ట్‌మెంటు సంఘాన్ని అడగమంటారు. ముగ్గురి మధ్య నలిగేది అద్దెకున్నవాళ్లే. బోరు మోటారు, సంపు శుభ్రం జాబితాలో లేవు. వేసవిలో మోటారు కాలిపోయినప్పుడు ఖర్చు ఎవరిదో తేలేలోగా ట్యాంకరు తెప్పించుకోవాల్సి వచ్చింది. పైగా ఓనరు సంతకానికి ఒప్పుకుంటేనే ఇదంతా. మరో పదిమంది వరుసలో ఉన్నారంటూ ముఖం మీదే తిరస్కరించినవాళ్లనూ చూశాను.

ఈసారి ఒప్పందం పునరుద్ధరణలో మూడు పంక్తులు చేర్పిస్తున్నాను. పొరుగు ఫ్లాటు నుంచి వచ్చే కారుడును ఆపించే బాధ్యత మా ఓనరుదే. బోరు మోటారు మరమ్మతులో ఈ ఫ్లాటు వంతు ఖర్చు ఆయనదే. నీళ్లు, కరెంటు ఆగిపోయే పనులకు గడువు పదిహేను రోజులు కాదు, రెండు రోజులు.