బుధవారం కేకు, ఆదివారం కేకు
ఒంగోలులో కర్నూలు రోడ్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఆ టైంలో పిల్లాడు కేకు అడిగితే నా ఓటు ప్యాకెట్ మిక్స్‌కే. అందులో చెప్పినట్టు పాలు, నూనె కలిపి గిన్నెలో పోయడమే. కొలతల టెన్షన్ లేదు. కాకపోతే తీపి ఎక్కువ, తగ్గించే దారి లేదు.

మైదాతో సొంతంగా అంటే జల్లించడం, పంచదార పొడి కొట్టడం, బోలెడు గిన్నెలు. కానీ పెరుగు పులుపుకి సోడా తగిలి పిండి బుసబుసా పొంగుతుంటే చూడాలి! బెల్లం వేసుకోవచ్చు, మగ్గిన అరటిపండు మెదపొచ్చు. ఆదివారమైతే నేను ఇదే చేస్తాను.

రెండింటికీ కుక్కరే: అడుగున ఉప్పు, సన్న మంట, సుమారు 40 నిమిషాలు. గాస్కెట్, విజిల్ తీసెయ్యాలి. ఓసారి గాస్కెట్ మరిచాను, ఇల్లంతా రబ్బరు కంపు.