మూలనున్న బందూకు: ఉంచుకోవడమా, పేరు మార్పించడమా, అమ్మేయడమా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత పటేళ్ల ఇళ్లలో, పెద్ద రైతుల ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా ఒక డబుల్ బ్యారెల్ బందూకు కనపడుతుంది. బీరువా వెనకో, దూలానికి కొట్టిన మేకుకో గుడ్డసంచిలో ఉంటుంది. దసరాకు బయటికి వచ్చి, పసుపు కుంకుమ పెట్టించుకుని మళ్లీ సంచిలోకి పోతుంది. లైసెన్సు ఇంటి పెద్దాయన పేరున. కొడుకులేమో హైదరాబాద్‌లో, మనవళ్లు ఇంకా దూరాన. రెన్యువల్ తేదీ దగ్గరపడినప్పుడల్లా దీన్ని ఏం చేద్దామన్న మాట లేస్తుంది. తేదీ దాటిందంటే మళ్లీ ఎవరూ ఎత్తరు.

మా మేనమామ ఇంట్లో ఈ మధ్య ఈ పంచాయితీ గట్టిగానే నడిచింది. ఊరు దేవరకొండ వైపు. ఆయనకు డెబ్బై దాటాయి. "అమ్ముడేంది అల్లుడా, అది బాపు చేతిది" అంటాడు మామ. "ఎన్నడు పోతదో ఇంట్లకెల్లి" అంటుంది అత్త. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. కాకపోతే ఇద్దరూ బందూకు గురించే మాట్లాడుతున్నారు. అసలు చూడాల్సింది లైసెన్సు బుక్కు ఇక ముందు ఎవరి పేరున ఉంటుందన్నది.

ఉంచుకుందామనేవాళ్లు మామూలుగా మొదట పంట పేరు చెబుతారు. వనపర్తి, అచ్చంపేట వైపు పల్లి వేసిన రైతుకు అడవి పందుల బాధ ఏమిటో చెప్పనక్కర్లేదు. ఒక్క రాత్రిలో మడి మడే దున్నేసి పోతాయి. కానీ ఇంట్లో లైసెన్సు బందూకు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. తెలంగాణలో పంట పాడుచేసే పందిని కాల్చాలన్నా అనుమతి కావాలి, ఆ పని అటవీ శాఖ గుర్తించిన షూటరే చేయాలి. మనకు మనం కాల్చి కూర వండుకుంటే కేసవుతుంది. తాతల కాలంలో కుందేళ్లకు, కౌజు పిట్టలకు పేలిన బందూకు ఈ కాలంలో చేనుగట్టు మీద మోయడానికే తప్ప ఎందుకూ పనికిరాదు. దాన్ని అమ్మిన డబ్బు సోలార్ కంచెకు పెడితే పంటకు మేలు.

రెండో కారణం రక్షణ. ఈ నేల మీద ఆ మాట చెప్పేముందు కాస్త వెనక్కి చూడాలి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి నల్గొండ జిల్లా గుండెకాయ. దళాలు దొరల గడీల మీద పడ్డప్పుడు ధాన్యంతో పాటు బందూకులూ తీసుకుపోయేవి. తర్వాత ఎనభైల్లో, తొంభైల్లో నక్సలైట్లు ఊళ్లోకి వచ్చారంటే లైసెన్సు తుపాకి ఎవరింట్లో ఉందన్నదే ముందు ప్రశ్న. నల్లమల అంచు ఊళ్లలో చాలామంది అప్పట్లో తమంతట తామే తీసుకెళ్లి ఠాణాలో పెట్టి వచ్చారు. రక్షణకని కొన్న వస్తువే ఇంటి మీదికి మనుషులను తెచ్చిందన్నమాట. ఇప్పుడు ఆ రోజులు పోయాయి, నిజమే. కానీ రాత్రిపూట దొంగ దూరితే డెబ్బై ఏళ్ల మనిషి లేచి, సంచి విప్పి, ఇంకో గదిలో దాచిన కార్తూసులు (తూటాలు) వెతికి తెచ్చి లోడ్ చేసేదెప్పుడు? కార్తూసులు పక్కనే పెట్టుకుందామంటే అది ఇంకా పెద్ద టెన్షన్. తాగొచ్చే కొడుకున్న ఇల్లు, భూమి పంపకాల దగ్గర పాలోళ్లతో మాట పడని ఇల్లు, పరీక్ష తప్పిన పిల్లాడున్న ఇల్లు అయితే ఈ మూల బందూకు గురించి ఇంకో ఆలోచనే వద్దు, తీసేయండి.

ఇక మిగిలింది మర్యాద. పటేలు ఇంటి బందూకు అనే పేరు. దీన్ని నేను చులకన చేయను. మామ దాన్ని తుడిచేటప్పుడు చూడాలి. బ్యారెల్ మడిచి, కిటికీ వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి గొట్టం లోపలికి చూస్తాడు. ఆ చూపులో వాళ్ల బాపు ఉంటాడు. అయితే ఆ మర్యాద చూపించుకోవడానికి పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చే రోజులు కావివి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈ మూడింటికీ ఎదురుగా ఉంచుకోవడానికయ్యే శ్రమను పెట్టి చూడండి. అదే 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేసింది, అంతవరకు నయం. కానీ లైసెన్సుకు యూఐఎన్, అంటే ప్రత్యేక గుర్తింపు నంబర్ ఉండాలి, జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కి ఉండాలి. జిల్లాలు విడిపోవడం ఇంకో తలనొప్పి. పాత బుక్కులో మహబూబ్‌నగర్ అని ఉంటుంది. 2016 అక్టోబర్ తర్వాత ఊరు నాగర్‌కర్నూలుకో, వనపర్తికో, గద్వాలకో పోయింది. నారాయణపేట 2019లో విడిపోయింది. పాత ఫైలు ఏ కలెక్టరేట్‌లో ఉందో పట్టుకునేసరికే పెద్దాయన ఓపిక అయిపోతుంది.

ఎన్నికల సంగతి చెప్పకపోతే ఈ లెక్క తేలదు. కోడ్ కూయగానే బందూకు ఠాణాలో డిపాజిట్ చేయమని కబురొస్తుంది. ఉమ్మడి నల్గొండలో ఎన్నికలకు కొదవ లేదు. 2018 డిసెంబర్‌లో అసెంబ్లీ, 2019 ఏప్రిల్‌లో లోక్‌సభ, అదే ఏడు అక్టోబర్‌లో హుజూర్‌నగర్ ఉప ఎన్నిక, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు, 2023 నవంబర్‌లో మళ్లీ అసెంబ్లీ, 2024 మేలో మళ్లీ లోక్‌సభ. అన్నిసార్లూ అందరినీ పిలవకపోవచ్చు. పిలిచినప్పుడు మాత్రం ఆటోలో సంచి పెట్టుకుని పోవాలి, రసీదు దాచుకోవాలి, ఫలితాలు వచ్చాక మళ్లీ తిరగాలి. ఠాణాలో సామాన్లు దాచే మాల్‌ఖానా నుంచి వచ్చిన బందూకుకు నూనె పెట్టి తుడిస్తే గుడ్డ ఎర్రగా వస్తుంది. మామ ఎక్కువ బాధపడేది దానికే.

అయినా ఉంచుకోవాలనే ఉంటే, పెద్దాయన చేతులాడుతున్నప్పుడే పేరు మార్పించండి. ఇది చాలామందికి తెలియదు. ఆయుధాల నియమాలు, 2016 ప్రకారం లైసెన్సుదారు చనిపోయేదాకా ఆగనక్కర్లేదు. ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర ఇరవై అయిదేళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, తనకు నచ్చిన వారసుడికి లైసెన్సు ఇమ్మని అడగొచ్చు. వారసుడంటే కొడుకే కానక్కర్లేదు, కూతురైనా సరే. వయసు ఇరవై ఒకటి దాటి ఉండాలి. పోలీసు విచారణ మామూలే. అధికారి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. దేవరకొండ, అచ్చంపేట వాళ్లకు ఇంకో మెలిక ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి కావాలి. అమ్రాబాద్ అడవి పక్కనే ఉంది కాబట్టి ముందే కనుక్కోవాలి.

ఈ దారి మంచిదే, కానీ ఒక షరతు మీద. తీసుకునేవాళ్లు అక్కడే ఉండాలి, వాళ్లకు నిజంగా కావాలని ఉండాలి. బాపు గుర్తుగా నా పేరున పెట్టుకుంటానని మాట మీద ఒప్పుకుని గచ్చిబౌలి అపార్ట్‌మెంట్‌లో ఉండే కొడుకుకు ఇది బరువే. బందూకు ఊళ్లో, లైసెన్సుదారు పట్నంలో ఉంటే మొదటి తనిఖీలోనే చిక్కు. మా మామ కొడుకు ఈ మాట విని, "నాకొద్దు బాపూ, నువ్వు ఏం చేసినా సరే" అన్నాడు. అక్కడికి సగం పంచాయితీ తెగింది.

ఏమీ తేల్చకుండా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. చాలా ఇళ్లలో జరిగేది కూడా ఇదే. పెద్దాయన పోతాడు, పదకొండో రోజు అయిపోతుంది, బందూకు మాత్రం మేకుకే ఉంటుంది. ఆ రోజు నుంచి అది లైసెన్సు లేని ఆయుధం. వెంటనే దగ్గరి ఠాణాలోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. చేయకపోతే ఆయుధాల చట్టం ఇరవై అయిదో సెక్షన్ కింద రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష పడే నేరం. డిపాజిట్ చేసి మరిచిపోయినా గడువు దాటాక ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా పాత భర్మారు, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకి, కాయిదాలు లేకుండా ఉంటే, దానికి అమ్మకం అనే మాటే లేదు, ఠాణాకు అప్పగించడమే.

ఇక అమ్మకం. డీలర్‌కు అమ్మితే పని తేలిక, ధర తక్కువ. నేరుగా లైసెన్సున్న మనిషికి అమ్మితే ధర మేలు, ఓపిక కావాలి. కొనేవాళ్ల బుక్కులో ఆ రకం ఆయుధానికి అనుమతి, కొనడానికి గడువు మిగిలి ఉండాలి. ఇప్పుడు ఒకరికి రెండు ఆయుధాలే పరిమితి. అమ్మాలనుకుంటున్నామని, కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కో, దగ్గరి ఠాణా అధికారికో రాసి ఇవ్వాలి. ఇచ్చాక నలభై అయిదు రోజులు గడిచేదాకా బందూకు చేయి మారకూడదు. డబ్బు ముందే వచ్చింది కదా అని ఇచ్చేస్తే చిక్కు మనకే.

ధర విషయంలో మనసులో పెట్టుకున్న అంకెను కొంచెం పక్కన పెట్టాలి. మన ప్రభుత్వ ఇషాపూర్ ఫ్యాక్టరీ డబుల్ బ్యారెల్ అయితే పెద్ద ఆశ వద్దు. ఇంగ్లండ్ లేదా బెల్జియం సరుకైతే కథ వేరు, ఎందుకంటే 1980ల మధ్య నుంచి మామూలు జనానికి దిగుమతి ఆగిపోయింది. వెబ్లీ అండ్ స్కాట్ అనో, గ్రీనర్ అనో పేరుంటే ఒక్క డీలర్ మాట విని అమ్మకండి. కొనేవాడు ముందు చూసేది గొట్టం లోపల గుంటలు పడ్డాయా అని. తర్వాత కట్టె పగిలిందా, మడత దగ్గర వదులు వచ్చిందా అని చూస్తాడు. కొన్ని పాత ఇంగ్లిషు బందూకుల చాంబర్, అంటే కార్తూసు కూర్చునే చోటు, రెండున్నర అంగుళాలే. ఇప్పటి పొడుగు కార్తూసు అందులో పెట్టకూడదు. బ్యారెల్ మీద అలల్లాంటి గీతలు ఉంటే అది డమాస్కస్ రకం, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాతకాలం గొట్టం కావచ్చు. దాన్ని పేల్చి చూపించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. మంచిది కదా అని పాత తుప్పును ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకండి, ఉన్న ధరా పోతుంది.

నా ఓటు అమ్మకానికే. ఇంట్లో తీసుకునేవాళ్లు లేనప్పుడు, పెద్దాయన సంతకం పెట్టగలిగిన రోజుల్లో, లైసెన్సు బతికి ఉండగా అమ్మాలి. అప్పుడైతే బందూకు ఎవరి చేతికి పోతుందో ఆయనే చూసుకోవచ్చు. ఆయన పోయాక వారసులు ముగ్గురైతే డబ్బు దగ్గర, అది ఎవరికి చెందాలన్న దగ్గర ఇంకో గొడవ.

మామకు ఒక కొనుగోలుదారు దొరికాడు. రిటైరైన జవాను. మిర్యాలగూడ వైపు కాపలా ఉద్యోగం వచ్చింది, అందులో సొంత బందూకు ఉంటే జీతం కాస్త ఎక్కువట. మామ ధర గురించి పెద్దగా అడగలేదు, "నూనె పెడ్తవా మరి?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు. నోటీసు రాసి ఇచ్చి, ఠాణా ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నారు. నలభై అయిదు రోజులు అయ్యాక మామ బుక్కులో ఆ నంబర్ కొట్టేయించాలి, జవాను బుక్కులో ఎక్కించాలి. డబ్బాలో పడి ఉన్న పాత శక్తిమాన్ బ్రాండు కార్తూసులు మాత్రం బందూకుతో పాటు ఇవ్వట్లేదు. ఉబ్బినవి ఉన్నాయి. వాటిని ఠాణాలో రాయించి అప్పగించాలని అత్త అప్పుడే వేరు చేసి పెట్టింది.